వానకు మొరాయించే పాత కారు

జూన్ దాటిందంటే షెడ్డుకు తప్పకుండా వచ్చే కంప్లయింటు ఇది: "ఎండలో బ్రహ్మాండంగా పోతుందండీ, నాలుగు చినుకులు పడితే చాలు, మిస్సింగ్ కొడుతుంది." వచ్చేవి ఎక్కువగా కార్బురేటర్ మారుతి 800లు, ఓమ్ని వ్యాన్లు, ఎక్కడో మిగిలిన ఒకటీ అరా అంబాసిడర్లు. పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఇది వినగానే కార్బురేటర్ విప్పుతారు, లేదా ప్లగ్గులు మార్చి పంపించేస్తారు. ఆ రోజు ఎండ కాసింది కాబట్టి బండి చక్కగానే వెళ్తుంది. మళ్లీ వాన పడగానే ఓనరు తిరిగొస్తాడు, ఈసారి గొంతు పెంచి.

బానెట్ ఎత్తే ముందు ఓనరును అడగండి. పొద్దున స్టార్టింగ్‌లోనే ఇబ్బందా, నడుస్తుండగానా? ఇంజన్ వేడెక్కాక సర్దుకుంటుందా? ఈ మధ్య వాటర్ సర్వీసింగ్ చేయించారా? పొద్దున సెల్ఫ్ కొట్టగా కొట్టగా లేచి, కాసేపటికి మామూలైపోతే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపల చెమ్మ చేరిందేమో చూడాలి. నీళ్లగుంటలో దిగగానే ఆగితే కింది నుంచి ఎగజిమ్మిన నీళ్లు ఎక్కడ పడ్డాయో వెతకాలి. న్యూట్రల్‌లో బాగుండి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రమే కుదుపులు వస్తే, చాలామంది పెట్రోల్ అందడం లేదనుకుంటారు. తడి రోజుల్లోనే అలా చేస్తుంటే ముందు కరెంటును అనుమానించండి.

కారణం ఉంది. కాయిల్ 12 వోల్టులను పదిపదిహేను వేల వోల్టులకు పైగా పెంచి ప్లగ్గుకు పంపిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో గ్యాప్ దాటడానికి ఇంకా ఎక్కువ వోల్టేజి కావాలి. దానికంటే సులువైన దారి దొరికితే కరెంటు అటే పోతుంది. క్యాప్ మీద దుమ్ము, ఆయిల్ జిడ్డు, పైన తడి, వైరు తొడుగులో సన్నటి పగులు ఉంటే చాలు, స్పార్క్ ఇంజన్ బాడీలోకి దిగిపోతుంది. ప్లగ్ గ్యాప్ అరిగి వెడల్పైతే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. అంటే లోపం ఎండాకాలంలోనూ ఉంది, వాన దాన్ని బయటపెట్టింది అంతే.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. దాని కోసం కూర్చోకుండా మనమే వాన కురిపించాలి. సెలూన్లో వాడే స్ప్రే సీసా ఒకటి చాలు. చీకటి పడ్డాక బండిని షెడ్డు బయట పెట్టి స్టార్ట్ చేయండి. షట్టర్ వేసిన గదిలో ఇంజన్ నడపకూడదు, పొగ ప్రాణం తీస్తుంది. పెట్రోల్ లీకు లేదని ముందే చూసుకోండి. ఇక మంచు పట్టినట్టు సన్నగా, ఒక్కో ప్లగ్ వైరు మీద విడివిడిగా కొట్టండి, తర్వాత క్యాప్ మీద, చివర కాయిల్ మీద. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కాస్త ఆగాలి. అంతా ఒకేసారి తడిపేస్తే ఏది చెడిందో తేలదు. లోపమున్న చోట నీలిరంగు మెరుపు సన్నగా పాకుతుంది, టిక్ టిక్‌మని చప్పుడొస్తుంది, ఇంజన్ ఆ క్షణమే కుంటుతుంది. వైర్లను చేత్తో కదిలించి చూద్దామనుకోకండి, ఆ దెబ్బ మామూలుగా ఉండదు.

తర్వాత ఇంజన్ ఆపి క్యాప్ విప్పండి. విప్పేముందు ఏ వైరు ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకోవాలి. మారుతి 800 ఫైరింగ్ ఆర్డర్ 1-3-2, అంబాసిడర్‌ది 1-3-4-2. టార్చి వేసి లోపల చూస్తే, ఒక టెర్మినల్ నుంచి ఇంకోదానికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత కనిపించవచ్చు. కరెంటు పాకి పాకి అక్కడి ప్లాస్టిక్ బొగ్గైపోయింది. కొందరు దాన్ని బ్లేడుతో గీకి మళ్లీ బిగిస్తారు. ఊరు చేరడానికి ఆ వైద్యం సరిపోతుందేమో, రిపేరు మాత్రం కాదు. క్యాప్ మార్చాల్సిందే. మధ్యలో కార్బన్ ముక్క అరిగిందా, రోటర్ కొస కాలిందా అన్నది కూడా అప్పుడే చూసేయండి. వైర్లను మల్టీమీటర్‌తో ఒకదానితో ఒకటి పోల్చండి. పొడవును బట్టి కొంత తేడా సహజం, ఒక్కటే మరీ ఎక్కువ చూపిస్తే అది పోయినట్టే.

ఇది మన బండ్లకే పట్టిన జబ్బు కాదు. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీకి డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా ముందు గ్రిల్ వెనకాలే ఉండేది. వానలో ఆగిపోతుందని పేరు పడితే కంపెనీ వాళ్లు అడ్డుగా రేకు పెట్టాల్సి వచ్చింది.

కరెంటు వైపు అంతా శుభ్రంగా తేలితే అప్పుడు పెట్రోల్ చూడండి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది నీటిని కలుపుకుంటుంది. నీళ్లు మితిమీరితే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుక్కి చేరతాయి. కొంచెం గాజు సీసాలోకి తీసి కదలకుండా ఉంచితే అడుగున వేరే పొర కనిపిస్తుంది. ఈ లోపమైతే బండి ఆరినా తగ్గదు, అదే గుర్తు. డీజిల్ బండికి ప్లగ్ స్పార్కే ఉండదు కాబట్టి పై కథంతా దానికి వర్తించదు, ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదలండి. స్కానర్ పెట్టే బండైతే ఏ సిలిండర్ మిస్సవుతోందో కోడే చెబుతుంది, ఉదాహరణకు పీ0301 అంటే ఒకటో సిలిండర్. ఆ సిలిండర్ కాయిల్, కనెక్టర్, ప్లగ్గు గుంతలో నిలిచిన నీళ్లు చూస్తే చాలు.

బండి అప్పజెప్పేముందు ఓనరు ఎదుటే అదే సీసాతో ఇంకోసారి నీళ్లు కొట్టి చూపించండి, మార్చిన పాత క్యాప్ ఆయన చేతిలో పెట్టండి. అప్పుడు బిల్లు దగ్గర బేరం ఉండదు.