కలరా విష రహస్యము

పూర్వము కలరా యను పేరు వినినంతనే గ్రామములు గడగడలాడెడివి. తెలంగాణమున దీనిని 'గత్తర' యనిరి. ఇతర ప్రాంతములందు 'వాంతిభేది' యనిరి. ఉదయమున పొలమునకు పోయిన దృఢకాయుడు దేహములోని నీరంతయు పోగొట్టుకొని, కన్నులు లోతుకు పోయి, సాయంకాలమునకే మరణించుట కలదు. ఇంత స్వల్పకాలములో ఇంత నీటిని దేహమునుండి వెడలగొట్టు శక్తి యెట్టిది?

జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ కలకత్తా నగరమునకు వచ్చి, 1884లో రోగుల ప్రేగులయందు కామా గుర్తువలె వంగిన సూక్ష్మజీవిని కలరాకు కారణముగా నిర్ణయించెను. ఆ జీవి యేదో యొక విషమును పుట్టించుచుండవలెనని ఆయన ఊహించెను. పిమ్మట పలువురు ఆ క్రిములను జంతువుల దేహములోనికి సూదితో నెక్కించి చూచిరి. కాని కలరా లక్షణములు కనబడలేదు; విషము చిక్కలేదు.

ఈ చిక్కును విడదీసినవాడు శంభునాథ్ డే. ఆయన 1915లో బెంగాలులోని హుగ్లీ జిల్లాలో జన్మించెను. కలకత్తా వైద్య కళాశాలలో చదివి, లండనులో పరిశోధన చేసి, 1949లో స్వదేశమునకు తిరిగి వచ్చెను. కలరా ప్రేగులకు సంబంధించిన వ్యాధి. కావున దాని కారణమును ప్రేగులలోనే వెదకవలెనని ఆయన నిశ్చయించెను. మత్తు ఇచ్చిన కుందేలు చిన్నప్రేగులో కొంత భాగమును రెండు వైపుల దారముతో బిగించి, నడుమ కలరా క్రిములను ప్రవేశపెట్టెను. మరునాటికి ఆ భాగము నీటితో ఉబ్బెను. క్రిములు లేని ద్రవమును ఉంచిన భాగము ఉబ్బలేదు. ఈ విషయము 1953లో ప్రకటింపబడెను.

అయినను, ప్రేగును ఉబ్బించినది క్రిమియా, క్రిమి విడిచిన విషమా? ఇది తేలవలసి యుండెను. డే క్రిములు పెరిగిన ద్రవమును వడపోసి, అందొక్క క్రిమియు లేకుండ జేసి, దానినే ప్రేగులో నుంచెను. అప్పుడును ప్రేగు ఉబ్బెను! క్రిమి లేదు, దాని పని మాత్రము జరిగినది. విషమే కారణమని 1959లో 'నేచర్' పత్రిక ద్వారా లోకమునకు తెలిసెను.

మరి యీ విషము కణమును ఎట్లు పట్టుకొనును? మన దేహములోని ప్రతి కణము చుట్టును లిపిడ్లు అను కొవ్వు పదార్థములతో ఏర్పడిన పలుచని పొర కలదు. వీటిలో జి.ఎం.1 గాంగ్లియోసైడ్ అనునది యొకటి. దాని కొవ్వు భాగము పొరలో నాటుకొని యుండగా, చక్కెర భాగము వెలుపలికి నిలిచి యుండును. కలరా విషము ఈ చక్కెరనే పట్టుకొనునని 1970 తరువాతి కొన్ని యేండ్లలో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. విషములో ఆరు భాగములు కలవు. అయిదు భాగములు అయిదు వ్రేళ్లవలె గాంగ్లియోసైడ్లను పట్టుకొనును; ఆరవది కణములో ప్రవేశించి, లోపలి యొక ప్రోటీనును ఆగక పనిచేయునట్లు మార్చును. అంతట కణము లవణమును ప్రేగులోనికి వదలును. లవణము వెంట నీరు పోవును.

ఇందొక మేలు దాగియున్నది. ఈ విషము ప్రేగు గోడను చీల్చదు. చక్కెరతో గూడ ఉప్పును లోనికి గ్రహించు వేరొక మార్గము చెడక నిలిచియుండును. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున, కలకత్తాకు ఈశాన్యముననున్న బనగావ్ శరణార్థి శిబిరములో కలరా ప్రబలెను. సెలైన్ సీసాలు తరిగిపోయెను. అప్పుడు దిలీప్ మహలనాబిస్ అను వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని రోగులచే త్రాగించెను. అదివరకు నూటికి ముప్పదివరకు ఉన్న మరణములు నాలుగుకంటె తక్కువకు దిగెను.

డే గారికి నోబెల్ బహుమానము రాలేదు. 1978లో కలరాపై జరిగిన నోబెల్ సదస్సునకు మాత్రము ఆహ్వానము అందెను. ఆయన 1985లో పరమపదించెను.

బాలబాలికలారా! ఒక కుందేలు ప్రేగు, కొంత దారము, ఒక వడపోత సాధనము - డే పరిశోధనకు ముఖ్య పరికరములు ఇవియే. శుద్ధజలము లేని దేశములలో కలరా నేటికిని కలదు. కాని దాని మర్మము తెలిసినందున గ్రామములు నాటివలె నిస్సహాయముగా నుండ నక్కరలేదు. సరియైన చోట వెదకుటయే శాస్త్రమునకు మొదటి మెట్టు.