సబ్‌నెట్ లెక్క మనసులో వేయుట ఎట్లు?

ప్రశ్న: నెట్‌వర్కింగ్ పరీక్షకు చదువుచున్నాను. సబ్‌నెట్ లెక్కలను ద్విసంఖ్యామానములోనికి మార్చి చేయుటకు మిక్కిలి కాలము పట్టుచున్నది. శీఘ్రమార్గము కలదా?

జవాబు: కలదు, అయితే ద్విసంఖ్యామానము చక్కగా బోధపడిన పిమ్మటనే దానిని ప్రక్కన పెట్టవలెను గాని, బోధపడకమునుపే విడిచినవారు పరీక్షలో నెగ్గినను ఉద్యోగములో తడబడుదురు. మాస్కులో 255 గాని సున్న గాని కాని భాగమేదో చూచి, దానిని 256 నుండి తీసివేయగా మిగులునదే సబ్‌నెట్ పరిమాణము. ఆ సంఖ్య యొక్క ఎక్కమును సున్న మొదలు చదువుచు, మీ చిరునామాలోని సంఖ్యను మించకుండ ఎచట ఆగుదురో అచటనే నెట్‌వర్కు ఆరంభమగును.

192.168.10.77/27 తీసికొందము. మాస్కు చివరి భాగము 224 గనుక పరిమాణము 32. ఎక్కములో 64 దాటినది, 96 ఇంకను రాలేదు. కావున నెట్‌వర్కు 64, బ్రాడ్‌కాస్టు 95; నడుమనున్న 30 చిరునామాలు యంత్రములకు చెల్లును.

విద్యార్థులు దారి తప్పునది /20 వంటి వాని యొద్ద. అచట ఎక్కము మూడవ భాగమున నడచును. 172.16.45.200/20 లో పరిమాణము 16, 45కు లోబడినది 32, కనుక 172.16.32.0 మొదలు 172.16.47.255 వరకు ఒకే సబ్‌నెట్. చివరి 200 వంక చూడనే అక్కరలేదు!

128, 192, 224, 240, 248, 252, 254: మాస్కులోని ఆ భాగమున రాగల ఈ ఏడు సంఖ్యలను శ్లోకమువలె కంఠస్థము చేయుడు. రెండు రౌటర్ల నడుమ వాడు /31 లో మాత్రము రెండు చిరునామాలును యంత్రములకే చెందునని మరువకుడు.