ప్రహరీ కట్టే ముందు

హనుమకొండ

చిరంజీవి లావణ్యకు,

మూల ప్లాటు రిజిస్ట్రేషన్ అయిందని, వచ్చే నెలలో ప్రహరీ మొదలుపెడతారని మీ అమ్మ చెప్పింది. మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకముందే ఈ ఉత్తరం చదువు బిడ్డా.

ముందు కొలత. అమ్మినవాళ్లు చూపించిన రాయిని నమ్మి గుంజలు పాతొద్దు. నీ దస్తావేజులోని కొలతలు, చెక్కుబందీ, లేఅవుట్ నక్షా చూసుకో. ఖాళీ వెంచర్లలో ట్రాక్టర్లు తగిలి రాళ్లు జరుగుతుంటాయి. పక్కవాళ్ల గోడ నుంచి కూడా కొలవొద్దు. అది అరడుగు జరిగి ఉంటే ఆ తప్పు నీ ప్లాటులోకీ, నీ తర్వాతి ప్లాటులోకీ పాకుతుంది. లైసెన్సు ఉన్న సర్వేయరుతో లేఅవుట్ రోడ్డు నుంచి కొలిపించు. నాలుగు వైపులతో పాటు మూల నుంచి మూలకు కూడా టేపు పట్టించు. పక్క ప్లాటువాళ్లను పిలిచి వాళ్ల ఎదుటే కొలిపించు. తర్వాత వచ్చే తగాదాల్లో సగం అక్కడే ఆగిపోతాయి.

చాలామంది మరిచిపోయేది పునాది. గోడ తొమ్మిది అంగుళాలే అయినా కింద పునాది అంతకంటే బాగా వెడల్పు. గోడ బయటి అంచును సరిగ్గా హద్దు మీద పెడితే పునాది పక్కవాళ్ల భూమిలోకి పోతుంది. రేపు వాళ్లు ఇల్లు కట్టడానికి తవ్వినప్పుడు అది బయటపడుతుంది. కాబట్టి పునాది అంచే హద్దు దాటకుండా ముగ్గు పోయించు. ఇద్దరూ కలిసి హద్దు మధ్యలో ఒకే గోడ కట్టుకుంటే స్థలమూ ఖర్చూ కలిసొస్తాయి. అది నాకిష్టమైన పద్ధతి. కానీ ఖర్చులో ఎవరి వాటా ఎంత, మరమ్మతు ఎవరిది అన్నది కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి.

నీది మూల ప్లాటు కాబట్టి ఇంకో మాట. 12 మీటర్లకంటే చిన్న రోడ్లు కలిసేచోట 3 మీటర్ల చొప్పున మూల కోసి వదలాలని 2012 భవన నిబంధనల్లో ఉంది. ఎదురొచ్చే బండి కనబడాలి కదా. జాతీయ భవన కోడ్ మార్గదర్శకాలైతే రోడ్డు మధ్య మట్టం నుంచి ప్రహరీ ఎత్తు 1.5 మీటర్లు చాలంటాయి. పైన 0.9 మీటర్లు గ్రిల్లులా తెరిచి ఉంచితే 2.4 దాకా పోవచ్చు. మూల దగ్గర 10 మీటర్ల మేర గట్టి గోడ 0.75 మీటర్లు దాటకూడదు. మీ పిల్లలు రేపు ఆ మలుపులోనే సైకిళ్లు తొక్కుతారు, ఆ జాగా వదిలినందుకు బాధపడకు.

అనుమతి సంగతి. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టంతో 500 చదరపు మీటర్లలోపు ప్లాటులో, 10 మీటర్లలోపు ఎత్తు ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. సులువుగా వచ్చిందని తేలిగ్గా తీసుకోకు. నువ్వు రాసిచ్చినదానికి విరుద్ధంగా కడితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం అదే చట్టంలో ఉంది. ఇంటి ప్లానులోనే ప్రహరీనీ గేటునూ గీయించు. ఇల్లు తర్వాత, ముందు గోడే అనుకుంటే మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగానికి అర్జీ పెట్టి జవాబు రాతలో తీసుకో.

గేటు లోపలికే తెరుచుకోవాలి. ర్యాంపు రోడ్డు మీదికి రాకూడదు, మోరీ మూసుకుపోకూడదు.

సర్వేయరు వచ్చే రోజు ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. నేను పొద్దున బస్సుకే వస్తాను. దస్తావేజు, లింకు కాగితాల జిరాక్సులు రెండు సెట్లు తీయించి ఉంచు.

మీ మామయ్య