కండ పెరగాలి, పొట్ట కాదు

జిమ్‌లో చేరగానే నాకు దొరికిన మొదటి సలహా ఇది: "ముందు బాగా తినరా, ఒళ్ళు చేశాక తగ్గించుకోవచ్చు." విన్నాను. మూడు నెలల్లో 58 కేజీల నుంచి 66కి వచ్చాను. సంక్రాంతికి ఉయ్యూరు వెళ్తే కిందటేడు కుట్టించిన ప్యాంటు బొత్తాం పట్టలేదు. చేతులు మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి. "ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అని అమ్మ సంతోషించింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఎక్కడ తప్పు జరిగింది?

బరువులు ఎత్తితే కండరానికి పెరగమని సంకేతం అందుతుంది. దానికి ముడిసరుకు ప్రొటీన్, ఖర్చుకి కేలరీలు. కానీ కండ పెరిగే వేగానికి ఒక హద్దుంది. ఎంత తిన్నా ఆ హద్దు దాటదు, మిగిలినదంతా కొవ్వుగా చేరుతుంది. అందుకే రోజూ ఖర్చయ్యేదానికన్నా 250-300 కేలరీలు ఎక్కువ తింటే చాలు. నా బరువుని బట్టి లెక్కేస్తే నేను సుమారు 700 ఎక్కువ తిన్నాను.

ప్రొటీన్ ఎంత కావాలి?

మామూలు మనిషికి కేజీ బరువుకి రోజుకి 0.83 గ్రాములు చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్తోంది. బరువులు ఎత్తేవాళ్ళకి 1.6 గ్రాముల దాకా ఉపయోగం ఉంటుంది. అంతకు మించితే పెద్దగా లాభం లేదని 2018లో 49 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో తేలింది. ఆ సంస్థ 2024 మార్గదర్శకాల్లో కూడా ఇదే అంకె ఉంది. కండ కోసం ప్రొటీన్ పౌడర్లు వద్దని కూడా అందులో చెప్పారు. 60 కేజీలవాళ్ళకి ఇది 96 గ్రాములు.

మన కంచంలో అంత ఉందా?

మా డెల్టాలో వరి కోతకి కొద్ది రోజుల ముందు, ఆ చేలో ఉన్న తడిలోనే మినుములు చల్లుతారు. చేలో వరి తర్వాత మినుము వచ్చినట్టే కంచంలో కూడా అన్నానికి పప్పు తోడుండాలి. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పుల్లో దొరుకుతుంది, పప్పుల్లో తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది. మనతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే: అన్నం గుట్టలా పెట్టుకుని పప్పు గరిటెడే వేసుకుంటాం.

దీన్ని ఇలా మార్చుకోవచ్చు (బరువులన్నీ వండకముందువి):

పొద్దున: 75 గ్రాముల పెసలతో పెసరట్లు, గ్లాసు పాలు - 24 గ్రాముల ప్రొటీన్.
మధ్యాహ్నం: 100 గ్రాముల బియ్యం, 40 గ్రాముల కందిపప్పు, రెండు గుడ్లు, కప్పు పెరుగు - 34.
సాయంత్రం: 30 గ్రాముల వేరుశనగ గుళ్ళు - 7.
రాత్రి: 100 గ్రాముల బియ్యం, 120 గ్రాముల చేప లేదా చికెన్ - 32.

మొత్తం సుమారు 97. గుడ్లు, మాంసం తిననివాళ్ళు మీల్ మేకర్ వాడొచ్చు. 50 గ్రాముల్లో దాదాపు 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది.

ఇక అసలు సూత్రం: ప్రొటీన్‌ని కదపకండి, అన్నాన్ని మార్చండి. కోడ్‌లో ఒకటి కాన్‌స్టంట్, ఇంకోటి వేరియబుల్ అనుకోండి. రోజూ పొద్దున్నే పరగడుపున బరువు చూసి వారానికి సగటు తీయండి. 60 కేజీలవాళ్ళు వారానికి 150-300 గ్రాములు పెరిగితే దారిలో ఉన్నట్టే. రెండు వారాలైనా ముల్లు కదలకపోతే అరకప్పు అన్నమో, ఒక అరటిపండో కలపండి. మరీ ఎక్కువ పెరుగుతుంటే అంతే తగ్గించండి.

కనపడని కేలరీలు నూనెలో ఉంటాయి. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు. పప్పులో నెయ్యి మానక్కర్లేదు గానీ లెక్కలో వేసుకోండి. జిమ్‌లో ఎత్తే బరువు మెల్లగా పెంచకపోయినా, నిద్ర సరిగ్గా లేకపోయినా ఈ లెక్కంతా వృథా. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ప్రొటీన్ పెంచొద్దు.

మూడు నెలల్లో తెచ్చుకున్న పొట్ట తగ్గించుకోడానికి నాకు ఇంకో నాలుగు నెలలు పట్టింది. అంటే ఒక్క సలహాకి ఏడు నెలలు పోయాయి. ఇప్పుడు నెలకి కేజీ లోపే పెరుగుతున్నాను. చూసేవాళ్ళకి తేడా తెలియట్లేదు గానీ ప్యాంటు బొత్తాం పడుతోంది, జిమ్‌లో ఎత్తే బరువు పెరుగుతోంది. నాకు అది చాలు.