గని దీపము

మన దేశమున విద్యుచ్ఛక్తిలో పెద్దభాగము బొగ్గును మండించుటవలన లభించుచున్నది. ఆ బొగ్గును కొన్నిచోట్ల నేలను పైనుండి త్రవ్వి తీయుదురు. మరికొన్నిచోట్ల పనివారు సూర్యకాంతి చొరరాని లోతులకు దిగి తీయవలసియుండును. అచ్చట దీపము లేనిదే పని సాగదు. కాని ఒకప్పుడు ఆ దీపమే పనివారి పాలిటికి మృత్యువగుచుండెను. ఈ చిక్కును మానవుడు ఎట్లు విప్పెనో, విప్పిన పిదప మరియొక పాఠమును ఎట్లు నేర్చుకొనెనో తెలిసికొందము.

బొగ్గుపొరలలో మీథేను అను వాయువు ఇమిడియుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. బొగ్గును పగులగొట్టినప్పుడు అది వెలువడి, గాలికంటె తేలికయగుటచే గని కప్పు క్రిందికి చేరును. గాలిలో అది నూటికి 5 మొదలు 15 పాళ్లవరకు కలిసియున్నప్పుడు నిప్పు సోకినచో పిడుగువలె ప్రేలును. అపాయము అంతటితో ముగియదు. ఆ విసురునకు బొగ్గుధూళి పైకి లేచి తానును మండును. పిమ్మట కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు సొరంగములన్నిటను వ్యాపించును. మంటను తప్పించుకొన్నవారు సైతము దానికి బలియగుదురు.

ఇంగ్లండు ఈశాన్యభాగమున టైను నదికి సమీపముగా ఫెల్లింగు అను గ్రామము కలదు. 1812వ సంవత్సరము మే 25వ తేదీన అచ్చటి గనిలో ఘోరమైన ప్రేలుడు సంభవించి 92 మంది మరణించిరి. వారిలో మీ యీడు బాలురును, మీకంటె చిన్నవారును ఉండిరి. ఆ ప్రాంతపు మతగురువు జాన్ హాడ్జ్‌సన్ ఆ కుటుంబములను ఓదార్చి ఊరకుండలేదు. ప్రమాదము జరిగిన తీరును, మృతుల పేర్లను, వయస్సులను వ్రాసి ప్రకటించెను. జరిగినదానిని దాచక వ్రాసియుంచుట ప్రమాద నివారణకు మొదటి మెట్టు. మరుసటి సంవత్సరమున సండర్లాండు పట్టణమున కొందరు పెద్దలు కూడి, గని ప్రమాదములను నివారించుటకై ఒక సంఘమును స్థాపించిరి. 1815లో వారి కోరికపై సర్ హంఫ్రీ డేవీ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఈ పనికి పూనుకొనెను.

డేవీ స్వయముగా ఆ ప్రాంతమునకు వెళ్లి, గనుల సంగతి తెలిసినవారితో మాటలాడి, ఆ వాయువును సీసాలలో నింపించి లండనునకు తెప్పించుకొనెను. ఇరుకైన లోహపు గొట్టముగుండ మంట ప్రాకజాలదని ప్రయోగములవలన కనుగొనెను. లోహము మంటలోని వేడిమిని త్వరగా లాగికొనుటచే మంట చల్లబడి అవతలికి దాటలేదు. సన్నని తీగలతో దట్టముగా అల్లిన వలయందు ప్రతి కన్నమును అట్టి పొట్టి గొట్టమే. కావున అతడు దీపజ్వాల చుట్టును తీగవలను గొట్టమువలె అమర్చెను. ఆ వలగుండ గాలి లోనికి పోవును. వెలుతురు వెలుపలికి వచ్చును. మంట మాత్రము గడప దాటదు. అంతేకాదు. గాలిలో మీథేను కలిసియున్నచో జ్వాలపై లేతనీలి కాంతి ఏర్పడును. ఇట్లు ఆ దీపము వెలుగునిచ్చుటయే గాక హెచ్చరికయు చేయుచుండెను. 1816 జనవరిలో దానిని గనిలోనికి దించి పరీక్షించిరి. డేవీ దానికి పేటెంటు హక్కును కోరలేదు. అదే కాలమున కిల్లింగ్‌వర్తు గనిలో యంత్రములు చూచుచుండిన జార్జి స్టీఫెన్‌సన్ కూడ తన అనుభవముచేత మరియొక రక్షణదీపమును నిర్మించెను. అనంతరము రైలింజనులవలన ప్రసిద్ధికెక్కినవాడు ఇతడే.

ఇక గనులలో ప్రేలుళ్లు ఆగిపోయియుండునని మీరు తలంతురు. కాని జరిగినది వేరు. 1835లో బ్రిటిషు పార్లమెంటు నియమించిన సంఘము లెక్కలు తీయగా, డర్హము, నార్తంబర్లాండు మండలములలో దీపమునకు ముందటి 18 సంవత్సరములలో గని ప్రమాదములవలన 447 మంది మరణించినట్లును, తరువాతి 18 సంవత్సరములలో 538 మంది మరణించినట్లును తేలెను!

దీనికి కారణమేమి? గనుల పని ఆ కాలమున మిక్కిలి పెరిగినమాట నిజమే. కాని అది యొక్కటే కారణము కాదు. వాయుభయముచే పూర్వము విడిచిపెట్టిన పొరలను, దీపమున్నదను ధైర్యముతో యజమానులు మరల త్రవ్వించిరి. మంచిగాలి ప్రసరించుటకు చేయవలసిన ఏర్పాట్లను కొందరు అశ్రద్ధ చేసిరి. వలలో ఒక్క కన్నము చిరిగినను, గాలి వడిగా వీచినను మంట బయటికి దుముకును. వెలుతురు చాలలేదని వలను తొలగించిన పనివారును ఉండిరి. దీపము మంచిదే, కాని దీపమున్నదిగదా యని జాగ్రత్తను విడిచినచోట అదియే మోసమునకు మూలమయ్యెను.

ఒక్క సాధనము ప్రాణములను కాపాడలేదని ఆనాడు లోకము గ్రహించెను. గాలి చక్కగా ఆడవలెను. పనికి ముందు స్థలమును పరీక్షింపవలెను. దీపములను తాళమువేసి ఇచ్చి, తిరిగి వచ్చినప్పుడు సరిచూడవలెను. వీటన్నిటిని తనిఖీచేయుటకు చట్టము, అధికారులు ఉండవలెను. 1906 మార్చి 10వ తేదీన ఫ్రాన్సులోని కూరియే గనిలో ప్రేలుడువలన 1,099 మంది మరణించినప్పుడు, బొగ్గుధూళి ఎంత భయంకరమైనదో వెల్లడియయ్యెను. ధూళి అంటుకొనకుండుటకు గనులలో రాతిపొడి చల్లు పద్ధతి క్రమముగా వ్యాపించెను.

మన తెలుగునాట 1871లో డాక్టరు కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము ఆరంభమయ్యెను. అదియే సింగరేణి గనులకు నాంది. భూగర్భగనులలో వాయువువలెనే పైకప్పు కూలుటయు గొప్ప అపాయము. అందుచే అనుభవముగల పనివాడు కప్పును గునపముతో తట్టి చెవియొగ్గి వినును. గట్టి రాయి ఖంగున మ్రోగును. విడివడిన రాయి డొల్లగా పలుకును. డొల్లపలుకు విన్నచోట దానిని రాల్చియో, ఆనికలు పెట్టియో గాని పనికి పూనుకొనరాదు.

ధన్‌బాద్ సమీపమున చాస్‌నాలా గనిలో 1975 డిసెంబరు 27వ తేదీన, పాత త్రవ్వకములయందు నిలిచిన నీరు గోడ తెంచుకొని లోనికి దూకగా 375 మంది మరణించిరి. అచ్చట వాయువును తెలుపు దీపమేమి చేయగలదు? పాత పనుల పటములను సరిగా ఉంచుట, నీటికిని మనుష్యులకును నడుమ చాలినంత మందముగల అడ్డును విడుచుట — ఇవియే అట్టి ఆపదకు మందు.

నేడు గని పనివారి టోపీలపై విద్యుద్దీపములు వెలుగుచున్నవి. వాయువును కొలుచుటకు సున్నితమైన పరికరములు వచ్చినవి. అయినను పాత పాఠము మారలేదు. పరికరము మ్రోగినప్పుడు పనిని నిలుపు అధికారి కావలెను. పగిలిన కప్పును చూచి భయపడక చెప్పు పనివాడు కావలెను. చెప్పినవానిని కసరక వినెడి యజమాని కావలెను. ఈనాటి పని ఆలస్యమగునని ఆ మాటను త్రోసివేసినచో, రేపటి పనికి మనుష్యులు మిగులకపోవచ్చును.

బాలలారా, మీలో కొందరు రేపు కర్మాగారములలోను, గనులలోను పనిచేయుదురు. మరికొందరు వానిని నడుపుదురు. దీపమును నిర్మించుటకు ఒక్క మేధావి చాలును. దానిని చెడకుండ కాపాడుటకు మాత్రము అందరును మేలుకొనియుండవలెను.

ప్రశ్నలు

1. తీగవల మంటను ఎట్లు ఆపును?
2. రక్షణదీపము వచ్చిన తరువాతకూడ మరణములు పెరుగుటకు కారణములేవి?
3. హాడ్జ్‌సన్ చేసిన పని ప్రమాద నివారణకు ఏవిధముగా తోడ్పడెను?
4. మీ పాఠశాలలోగాని, ఊరిలోగాని అపాయకరమైన స్థలమొకటి కనబడినచో మీరేమి చేయుదురు?