పిల్లల్ని వంగి చూడనివ్వండి

వానలు నిలదొక్కుకున్నాక పొలం గట్ల మీదా, పాత గోడల మొదట్లోనూ, పూలకుండీల మట్టిలోనూ పచ్చటి చిన్న చక్రాలు పరుచుకుంటాయి. పెద్దవి రూపాయి బిళ్లంత ఉంటాయి. మనం పాచి అనుకుని దాటిపోతాం. పిల్లలు ఆగుతారు. అప్పుడు వాళ్లను చెయ్యి పట్టి లాక్కెళ్లకండి.

అది చాలాసార్లు రిక్సియా అయ్యుంటుంది. లివర్‌వర్టులనే అతి పురాతన మొక్కల వర్గంలోది. పేరు చెప్పడానికి తొందరపడకండి. "నీకేం కనిపిస్తోంది?" అని ముందు అడగండి. ఒక్కో పాయా చివర రెండుగా చీలడం, దాని మధ్యలో సన్నటి గాడి ఉండడం బిడ్డే కనిపెట్టనివ్వండి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఉంటే మరీ మంచిది.

ఆ తర్వాత దాని కథ చెప్పండి. దీనికి వేళ్లు లేవు, మట్టిని పట్టుకునే సన్నటి మూలతంతువులే ఉన్నాయి. పువ్వూ లేదు, గింజా లేదు. గింజలకు బదులుగా ఉండే సిద్ధబీజాలు దాని ఒంట్లోనే దాగి పండుతాయి. మొక్క కుళ్లి మట్టిలో కలిసినప్పుడే అవి బయటపడతాయి. మళ్లీ తడి తగిలాక మొలకెత్తుతాయి. కొన్ని జాతులైతే ఎండకు అంచులు లోపలికి ముడుచుకుని, వాన పడగానే విప్పుకుంటాయి.

పీకి ఇంటికి తేవద్దని మెల్లగా చెప్పండి. వారానికోసారి అదే చోటికి తీసుకెళ్లి, చూసింది బొమ్మ గీయించండి. పాకుడు పట్టిన గచ్చు మీదా, బావి గట్టునా మాత్రం పక్కనే ఉండండి.

"ఇది దేనికి పనికొస్తుంది?" అని పిల్లలు అడుగుతారు. వట్టి నేల మీద ముందుగా చేరి, పైమట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచే మొక్కల్లో ఇదొకటని చెప్పండి.

ఇలా వంగి చూడడం చదువుకు అడ్డమని మీకు అనిపిస్తే, లాహోర్‌లో వృక్షశాస్త్రం బోధించిన శివరామ్ కశ్యప్‌ను తలచుకోండి. ఆయన హిమాలయాల్లో తిరిగి లివర్‌వర్టులను సేకరించారు. వాటి మీద ఆయన రాసిన గ్రంథం మొదటి భాగం 1929లో వెలువడింది. మన దేశంలో లివర్‌వర్టుల అధ్యయనానికి ఆయన్నే ఆద్యుడంటారు.

మీ బిడ్డ శాస్త్రవేత్త కానక్కర్లేదు. అంత చిన్న ప్రాణాన్ని కూడా ఓపిగ్గా చూడడం అలవాటైతే, దాన్ని తొక్కకుండా నడవడం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ ఓపిక పిల్లల్లో పుట్టుకతోనే ఉంటుంది. దాన్ని పోనివ్వకుండా కాపాడడమే మన వంతు.