ఆరు నిమిషాలూ పంచుకోండి

కార్తీక్,

2027 ఆగస్టు 2న వచ్చే సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫొటోలు తీయడానికి మీరు ఎనిమిదిమంది ఈజిప్టు వెళ్దామనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచి పని పెట్టుకున్నారు. టికెట్లు కొనకముందే మీలో మీరు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి, అవి రాస్తున్నాను.

లక్సర్ ఎంచుకున్నందుకు మెచ్చుకుంటున్నాను. అక్కడ సంపూర్ణ దశ 6 నిమిషాలు దాటుతుంది, ఆగస్టులో మబ్బు పట్టడం చాలా అరుదు. 2009 జూలైలో మన దేశం మీదుగా పోయిన గ్రహణం వానాకాలంలో వచ్చి ఎంతమందిని నిరాశపరిచిందో నీకు తెలుసు కదా. అయితే లక్సర్‌లో గ్రహణం పట్టేది మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో. సూర్యుడు 80 డిగ్రీలకు పైన, దాదాపు నడినెత్తిన ఉంటాడు. అక్కడి కర్ణాక్ గుడి స్తంభాలూ గ్రహణ సూర్యుడూ ఒకే ఫొటోలో రావాలని మీలో ఎవరో కలగంటున్నారట. నేలమీద వెల్లకిలా పడుకుని, బాగా వెడల్పాటి లెన్సు పెడితే తప్ప అది కుదరదు. కట్టడం మీద సూర్యుడే కావాలనుకునేవాళ్లు స్పెయిన్‌లో తరీఫా వైపు వెళ్లాలి. అక్కడ ఉదయం పూట, సూర్యుడు కిందుగా ఉన్నప్పుడే పడుతుంది. కానీ అక్కడి జలసంధి గాలికి మబ్బు రావచ్చు, సంపూర్ణ దశా తక్కువే. ఇది ఇప్పుడే మాట్లాడుకోండి. అక్కడికి వెళ్లాక గొడవపడితే అందరి మనసులూ పాడవుతాయి.

నడినెత్తి సూర్యుడి వైపు కెమెరా తిప్పడం కష్టం. చాలా ట్రైపాడ్ల తలలు అంత పైకి తిరగవు, తిరిగినా బరువైన లెన్సు జారుతుంది. మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం డాబా ఎక్కి, ఫిల్టర్ పెట్టుకుని సాధన చేయండి. ఎండా అలవాటవుతుంది; లక్సర్‌లో ఆగస్టు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సూర్యుణ్ణి వెంబడించే మోటారు పీఠం తీసుకెళ్తే ముందురోజు రాత్రి ధ్రువతారను చూసి సరిచేసి, కదపకుండా అలాగే ఉంచాలి. కాబట్టి డాబా మీద గానీ పెరట్లో గానీ సామాను వదిలేయనిచ్చే బస వెతకండి. గది ఎంత బాగుందన్నది ఆ తర్వాతి మాట.

ఇక అసలు విషయం. ఆరు నిమిషాలు ఉన్నాయి కదా అని ఎనిమిదిమందీ అన్నీ తీయబోతే ఎవరికీ ఏదీ సరిగ్గా రాదు. 1868 ఆగస్టు 18న మన గుంటూరులో మేజర్ టెనెంట్ బృందం గ్రహణం చూసినప్పుడు ఫొటోలు కొందరికి, వర్ణపటం ఒకరికి, కాంతి ధ్రువణం ఇంకొకరికి ముందే పంచుకుంది. అదే గుంటూరులో అదే రోజు శాస్త్రవేత్త జాన్సెన్ వర్ణపటం మీదే దృష్టి పెట్టి, గ్రహణం లేనప్పుడు కూడా సూర్యుడి అంచున లేచే మంటలను చూడవచ్చని కనిపెట్టాడు. మీరూ అలాగే పంచుకోండి. సంపూర్ణ దశ మొదట్లో, చివర్లో సూర్యుడి అంచున మెరిసే వజ్రపుటుంగరం ఒకరికి. ఎర్రటి మంటలు ఒకరికి, వాటికి సెకనులో వెయ్యోవంతు చాలు. సూర్యుడి చుట్టూ కనిపించే కరోనాలో వెలుపలి భాగం ఒకరికి, దానికి అర సెకనో సెకనో కావాలి. మోటారు పీఠం ఆ కరోనా తీసేవారికే ఇవ్వండి. చుట్టూ దిగంతమంతా సంధ్యలా ఎర్రబడటం, వాయవ్యం నుంచి నీడ దూసుకురావడం ఇంకొకరికి. ఫొటోలు అందరివీ. ఎవరి పని వాళ్లకు రెండు నిమిషాల్లో అయిపోతుంది, మిగతా సమయం తలెత్తి చూడొచ్చు. ఆ తెల్లటి కరోనా ఎంత సున్నితంగా ఉంటుందో ఏ కెమెరా పూర్తిగా పట్టదురా. దాన్ని మీరు కళ్లారా చూడకుండా తిరిగి రావడం నాకు ఇష్టం లేదు.

కెమెరా లేనివాళ్లలో ఒకరికి గడియారం అప్పగించండి. “ఫిల్టర్ తీయండి”, “ఫిల్టర్ పెట్టండి” అని గట్టిగా అరవడమే వాళ్ల పని. రెండో అరుపు మాత్రం సూర్యుడి అంచు మళ్లీ మెరవడానికి కొన్ని సెకన్ల ముందే రావాలి. పాక్షిక దశలో ఫిల్టర్ లేకుండా లెన్సులోంచి చూస్తే కన్ను పోతుంది, కెమెరా కాలుతుంది. ఈ ఒక్క విషయంలో చనువుకు తావివ్వకండి. ఫ్లాషులు, ఫోన్ల లైట్లు ముందురోజే ఆపించు.

డ్రోన్ వద్దు, అనుమతి లేకుండా ఈజిప్టులోకి తేనివ్వరు. విడి బ్యాటరీలు, పవర్‌బ్యాంకులు చేతి సంచీలోనే పెట్టుకోండి.

ముందుగా ఈ వారంలోనే అందరి పాస్‌పోర్టులూ తీసి గడువు చూడు. ప్రయాణం నాటికి ఆరు నెలలైనా మిగలనివి వెంటనే కొత్తవి చేయించండి.

ఇట్లు,
మీ పెదనాన్న